పన్నా పెరగలేదు

నేను పడింది జానెడు ఎత్తు నుంచి. ఇది ముందే చెప్పేయడం మంచిది. చేతికి కట్టు చూసి బస్సు గుద్దిందనో, మెట్రో మెట్ల మీద దొర్లాననో ఊహించుకున్నవాళ్లు అసలు సంగతి విని ఎంత నిరాశపడ్డారో నాకు గుర్తుంది. ఒకామె అయితే "అంతేనా?" అని కూడా అంది.

అంతే.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక గల్లీలో మాకు చీరల షాపుంది. పోచంపల్లి వైపు నుంచి వచ్చిన చీరలు తప్ప వేరేవి పెట్టం. మేమూ అటునుంచి వచ్చినవాళ్లమే. షాపులో నేల మీద జానెడు ఎత్తు చెక్క బల్ల, దాని మీద పరుపు, పరుపు మీద తెల్ల దుప్పటి. మేం గద్దె అంటాం. ముప్ఫై ఏళ్లుగా నా చోటు అది. మా ఆయన కౌంటర్ దగ్గర ఉంటాడు. బీకాం చదివింది నేను, కౌంటర్ మాత్రం ఆయనది. దాని గురించి ఎప్పుడూ తగాదా పెట్టుకోలేదు, ఎందుకంటే గద్దె మీద ఉన్న మజా కౌంటర్‌లో లేదు. కొంగు ఒక చేత్తో పట్టుకుని, మణికట్టుతో ఒక్క విసురు విసిరితే చీర గాల్లోనే విచ్చుకుని ఎదురుగా కూర్చున్నామె మోకాళ్ల ముందు వాలాలి. అప్పటిదాకా "ఊరికే చూద్దామని వచ్చినం" అన్నామె చెయ్యి కూడా దానంతటదే కొంగు మీదికి పోతుంది. ఆ క్షణం కోసమే యాభై తొమ్మిదేళ్ల వయసులోనూ రోజూ వనస్థలిపురం నుంచి బస్సెక్కి వస్తున్నాను.

ఆషాఢం

తగ్గింపు అమ్మకాల రోజులు. మధ్యాహ్నం అన్నం తిందామని గద్దె దిగుతుంటే కుచ్చిళ్లు కాలి కింద పడ్డాయి. పడుతూ నేలకు చెయ్యి ఆనించాను. ఎండు కొబ్బరి చిప్ప పగిలినట్టు చప్పుడైంది. ఎవరేం పగలగొట్టారా అని ముందు నేనే చుట్టూ చూశాను.

ఎముకల డాక్టరు ఎల్బీ నగర్‌లో. ఇంటికీ షాపుకీ సరిగ్గా మధ్యలో ఉన్న దవాఖాన. తప్పించుకు తిరుగుదామన్నా వేరే దారి లేదు, రోజూ దాని ముందు నుంచే పోవాలి. డాక్టరమ్మ చిన్న వయసుది. ఎంత ఎత్తు నుంచి పడ్డారని అడిగితే మంచి చేత్తో జానెడు చూపించాను. ఆమె నవ్వలేదు. నేను నవ్విస్తే నవ్వని మనుషులంటే నాకు మొదటి నుంచీ అనుమానం.

"ఇంత చిన్న దెబ్బకి విరగకూడదమ్మా," అంది.

ఎముకల గట్టిదనం కొలిచే స్కాన్ రాసింది. ఆ ఫారం మీద ఎత్తు ఎంత అని నర్సు అడిగితే ఐదడుగుల రెండంగుళాలు అన్నాను. కాలేజీలో ఎన్‌సీసీ వాళ్లు కొలిచి చెప్పింది. బయట టోకెన్లు పట్టుకుని అంత మంది ఉంటే ఎవరు మాత్రం లేచి కొలుస్తారు? ఆమె రాసేసుకుంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

రిపోర్టులో ఒక అంకె వచ్చింది, ముందు మైనస్ గుర్తుతో. డిగ్రీలో స్టాటిస్టిక్స్‌లో కూడా నాకు అంత తక్కువ రాలేదు. ఎముకలు గుల్లబారుతున్నాయట, దాని పేరు ఆస్టియోపోరోసిస్. వారానికొక గోళీ రాసింది. పొద్దున లేవగానే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో. తర్వాత అరగంట దాకా పడుకోవద్దు, వంగొద్దు, టీ తాగొద్దు.

పడుకోవద్దు, వంగొద్దు, సరే. టీ గురించి మాత్రం ఆమె కాస్త ఆలోచించి మాట్లాడాల్సింది.

శ్రావణం

వ్రతాల చీరలకు జనం ఎగబడే నెల. ఆ నెలంతా నేను కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన కొత్తపేటలో కొనుక్కొచ్చిన చేతుల కుర్చీ.

"ఇగ గద్దె ఎక్కేది లేదు," అన్నాడు దాన్ని కింద పెడుతూ.

"ఎవలు చెప్పిన్రు?"

"నేనే చెప్తున్న."

"నువ్వు ఎప్పటిసంది డాక్టరువైనవ్?"

"పెండ్లాం పడంగ చూసినోణ్ని. గా మాత్రం చాలు. గోళీ ఏసుకో, కుర్చీల కూసో."

కుర్చీలో కూర్చుంటే నేను పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా ఉన్నాను. చీరలు విప్పేది వేరేవాళ్లు, కాపీ కొట్టకుండా చూసేది నేను. దానికి తోడు మా ఆయన వచ్చిన ప్రతి కస్టమర్‌కూ ప్రకటన చేసేవాడు: "మా ఇంటామెకు బొక్కలు వీకయినయ్, జర మెల్లగ మాట్లాడుర్రి." చప్పుడుకు విరుగుతాయనుకున్నాడేమో. జనం నిజంగానే గొంతు తగ్గించి, పెద్దకర్మకు వచ్చినట్టు చీరలు చూసి పోయారు.

గట్టిగా పోట్లాడుకున్నాం. నాలుగు రోజులు మాటల్లేవు. అవసరమైనవి కస్టమర్ల ద్వారా మాట్లాడుకున్నాం. "ఆ నీలంది ఎక్కడ పెట్టిందో ఆమెను అడుగుర్రి" అంటాడు. "ఆయన కండ్ల ముందటనే ఉంది, చూసుకొమ్మనుర్రి" అంటాను. ఒక పెద్దామె మధ్యలో ఇటూ అటూ చూసి, "మీ ఇద్దరి పంచాయితీ తెంపినంక వస్తా బిడ్డా" అని లేచిపోయింది.

గోళీ వేసుకోకపోవడానికి సగం కారణం ఆయన వేసుకోమన్నాడని. మిగతా సగం రత్నకుమారి గారు.

ఆమె మా ఎదురింటావిడ. గుంటూరు నుంచి వచ్చి పాతికేళ్లయింది, మాట మాత్రం గుంటూరులోనే ఉంది. ఒంటి చేత్తో నేను వంట చేయలేనని రెండు వారాలు కూరలు పంపింది. కూర గిన్నెతో పాటు ఫోన్లో వీడియో కూడా.

"ఆ టాబ్లెట్ జోలికి పోకండి భారతి గారూ. దవడ ఎముక కుళ్లిపోద్దంట. మా తోడికోడలి వియ్యపురాలికి చెప్పారంట."

"చెప్పిన్రా, అయిందా?"

"చెప్పారండీ. అయ్యేదాకా ఆగుతామా ఏంటి?"

గోళీల అట్ట షాపు డ్రాయర్లో, కత్తెర పక్కన చేరింది. నేను రాగి జావ తాగాను, నువ్వుల ఉండలు తిన్నాను, కాలనీ పార్కులో ఎండకు నిలబడ్డాను. ఎండలో నిలబడే మనిషిని చూసి ముగ్గురు ఆగి దారి తప్పారా అని అడిగారు.

ఒకటే చిరాకు మిగిలింది. చెయ్యి బాగోలేక చీర సరిగ్గా కట్టుకోలేక అవస్థ పడుతుంటే, కుచ్చిళ్లు నేల ఊడ్చేస్తున్నాయి. ఈ మాట నేను ఏడాదిగా అంటూనే ఉన్నాను. చీరకు అడ్డ కొలతను, కట్టుకుంటే నడుం నుంచి నేల దాకా వచ్చేదాన్ని, మేం పన్నా అంటాం. మాకు చీరలు నేసిచ్చే నర్సింహ, వరసకు నా చిన్నాన్న కొడుకు, పన్నా పెంచేశాడని నా అనుమానం. ఫోన్ చేసి మళ్లీ తిట్టాను.

"ఎన్నిసార్లు చెప్పాలె నర్సింహా? పన్నా ఎక్కువైతుంది. గా కుచ్చిళ్లు తట్టుకొనే నేను పడ్డ."

"అదే పన్నా అక్కా. నా పెండ్లికి ముందు ఎంత ఉండెనో గంతే ఉంది."

"నాకు నేర్పకు. మొగ్గం ఇంట్ల పుట్టిన."

భాద్రపదం

కట్టు విప్పారు. లోపల నుంచి బయటికొచ్చిన చెయ్యి నాది కాదనిపించింది. చీర విసిరితే గాల్లో విచ్చుకోలేదు. తడిబట్ట జారినట్టు నా ఒళ్లోనే పడింది. కస్టమర్ మర్యాదగా రోడ్డు వైపు చూసింది. ఈ మొత్తం కథలో నాకు ఏడుపొచ్చింది ఆ రోజే. అప్పుడు భయం కూడా సూటిగా కనబడింది: చావు గురించి కాదు, కుర్చీ గురించి. ఇంకో ఎముక విరిగితే నేను ఆ కుర్చీలోంచి ఇక లేవను.

ఎల్బీ నగర్ దవాఖానలో మళ్లీ టోకెన్ తీసుకున్నాను. టీవీలో బొమ్మ ఉంది, గొంతు లేదు. పక్కన సైదాబాద్ నుంచి వచ్చిన ముసలాయన, తుంటికి ఆపరేషనై వాకర్‌తో ఉన్నాడు. నా చేత్తో నీళ్ల సీసా మూత రావడం లేదని చూసి, అడక్కుండానే తీసిచ్చాడు. రెండు గంటల్లో నాలుగుసార్లు. తనను లోపలికి పిలిచినప్పుడు పక్కనున్న ఆడమనిషికి, "బేటీ, మేడంకు మూత తీసియ్యాలె, యాది మర్వకు" అని డ్యూటీ అప్పగించి మరీ వెళ్లాడు.

లోపల డాక్టరమ్మతో మా షాపు భాషలోనే మాట్లాడాను. మా చీరలో అసలుదేదో నకలేదో తెలియాలంటే తిరగేసి చూడాలి. దారానికే రంగు కట్టి నేసింది రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్రింటు కొట్టింది వెనక వెలవెలబోతుంది. మా షాపులో ముందు వైపు చూసి ఎవరూ కొనరు, కొనబోతే నేను కొననివ్వను.

"మీ గోళీ ముందట చూసిన. జర వెనక వైపు చూపించుర్రి," అన్నాను.

దాచకుండా చూపించింది. కడుపులో మంట రావచ్చు, అందుకే ఆ నీళ్లూ ఆ అరగంటా. దవడ సంగతి ఉన్నదే, కానీ చాలా అరుదు. అందుకే పళ్ల పనేమైనా ఉంటే ముందే చేయించుకోవాలి. ఏళ్ల తరబడి వాడితే తొడ ఎముకకు కూడా అరుదుగా ఇబ్బంది ఉంది, కాబట్టి కొన్నేళ్లకు ఆపి చూస్తారు.

"మీ పళ్లెలా ఉన్నాయి?"

"బాగనే ఉన్నయ్."

"లవంగం వాసనొస్తోందమ్మా."

తర్వాత అడిగింది: "మీ అమ్మగారికి ఎప్పుడైనా ఎముకలు విరిగాయా?"

"లేదు. నడుము వంగింది గంతే. పనిల వంగీ వంగీ అట్లయింది."

ఆమె ఆ మాటా రాసుకుంది. వెన్నెముక ఎక్స్‌రే రాసిచ్చింది. విరిగింది చెయ్యి, వీపుకు ఫొటో ఎందుకని ఆ చీటీని కూడా డ్రాయర్లో పెట్టేశాను. అక్కడ గోళీలకు తోడు దొరికింది.

దవడ గురించి భయపడి మందు వేసుకోని నేను, అదే దవడలో పుచ్చిన పన్ను పెట్టుకుని ఇంకో రెండు నెలలు లవంగాలు నమిలాను. బీకాం చదివిన మనిషిని.

కార్తీకం

నర్సింహకు నా ఫోన్లు పడలేక, చీరల మూట తానే భుజాన వేసుకుని బస్సులో ఎల్బీ నగర్ దాకా, అక్కణ్నుంచి మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వచ్చాడు. కూర్చోలేదు, నీళ్లు కూడా తాగలేదు. జేబులోంచి టేపు తీసి నా ముందు పెట్టాడు.

"ఇగో అక్కా. నువ్వే కొలువు. నేను ముట్ట."

ఇప్పుడు తెచ్చిన చీర కొలిచాను. నిరుటిది కొలిచాను. మా ఆయన షాపు బీరువాలోంచి నా పాత చీరొకటి, నర్సింహ వాళ్ల నాయన నేసింది, వెతికి తెచ్చి ఇచ్చాడు. ఆ టైములో ఆయన మొహంలో ఉన్న సంతోషం నేను మర్చిపోలేదు. మూడూ ఒకటే. దారం వాసి తేడా లేదు.

నర్సింహకు అప్పుడు నవ్వొచ్చింది. "పెద్దమ్మ గూడ గిట్లనే అక్కా. పన్నా పెంచినవని మా నాయినతోని ఎంత లొల్లి పెడుతుండె! మా నాయిన పరేషానై, మొగ్గం కాడికే తోల్కపోయి కొలిచి చూపిచ్చిండు. అయినా నమ్మలే."

అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాను.

పెద్దమ్మ అంటే మా అమ్మ. బతుకంతా నూలు చుట్టింది, రంగుల కోసం ఆ నూలుకు చిటికెలు, అంటే ముడులు, కట్టింది. చివర్లో పన్నా ఎక్కువైందని పోరు పెట్టేది. మిగిలిన బట్టను బొడ్డు దగ్గర మడతలు మడతలుగా దోపుకునేది, నడుము చుట్టూ ఒక చుట్టబెట్టిన చాపలా ఉండేది. ఆ మడతలు చూసి మేం నవ్వేవాళ్లం. ప్రతి ఏడూ ఒక మడత పెరిగేది. ఆఖరి రెండేళ్లు తల ఎత్తలేకపోయింది. మనిషి వస్తే మొహం కనిపించదు, అందుకని చీర అంచును బట్టి గుర్తుపట్టేది. నేను ఇంట్లోకి అడుగు పెడితే నా కాళ్ల వైపు చూసి, "ఎర్రంచు. భారతివే గదా?" అనేది. ఒకసారి కొత్త చీర కట్టుకుని వెళ్తే, కాసేపు నన్ను ఎవరో అనుకుంది.

పనిలో వంగీ వంగీ అట్లయిందని అందరం అనుకున్నాం. డాక్టరుకు కూడా అదే చెప్పి వచ్చాను.

లేచి తలుపు చట్రానికి వీపు ఆనించి నిలబడ్డాను. "గీత పెట్టు," అన్నాను మా ఆయనతో. దర్జీ సుద్దతో గీత పెట్టి టేపు పట్టాడు.

ఐదడుగులు.

"టేపు కరెక్టేనా?" అన్నాను.

"మూడు చీరలకు కరెక్టు చెప్పింది. నీకొక్కదానికే ఎందుకు తప్పు చెప్తది?" అన్నాడు. అని, చేతిలో ఆ టేపుతోనే టీ తాగొస్తానని బయటికి పోయాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్లు ఎర్రగా ఉంటే, బండ్ల పొగ అన్నాడు.

రెండంగుళాలు. షాపంతా వెతికినా దొరికేవి కావు.

అప్పుడు నాకు నా తప్పు తెలిసింది, అదీ నా వృత్తికి సంబంధించిన తప్పు. గోళీని తిరగేసి చూశాను. చూడాల్సిందే, అందులో తప్పులేదు. కానీ గోళీ వేసుకోకపోవడం అనేది కూడా ఒక చీరే. దాని ముందు వైపు బాగుంది: మంట లేదు, భయం లేదు, టీకి అడ్డం లేదు. దాన్ని మాత్రం నేను ఒక్కసారీ తిరగేయలేదు. దాని వెనక మా అమ్మ ఉంది, నేల చూస్తూ, నా అంచు కోసం వెతుకుతూ.

ఆ తర్వాత

మర్నాడే ఎక్స్‌రే తీయించాను. వెన్నులో ఒక ఎముక ముందు వైపు నలిగి ఉంది. ఇలా ఒక్కొక్కటీ నలిగే మనిషి పొట్టయ్యేదట, నడుము వంగేదట. ఏడాది కింద మూట ఎత్తినప్పుడు పట్టేసిందనుకుని, జండూబామ్ రాసి మర్చిపోయిన నొప్పి అదేనట. ఎముక విరిగితే తెలుస్తుందనుకుంటాం. అన్నీ కొబ్బరి చిప్ప చప్పుడు చేయవు.

డాక్టరమ్మ ఈసారి ఏమీ నచ్చజెప్పలేదు. నా ఎత్తు మాత్రం తానే లేచి కొలిచి రాసుకుంది. "వేసుకుంటారా?" అంది.

"ఏసుకుంట. కానీ భయపడి కాదు."

"మరి?"

"కోపమొచ్చింది."

ఆమె నవ్వింది. మొత్తానికి.

పళ్ల డాక్టరు దగ్గరికి రత్నకుమారి గారు తోడొచ్చింది, నన్ను ఆపడానికేమో అనుకున్నాను. నా పన్ను పని అయ్యాక ఆమె అదే కుర్చీలో తానూ కూర్చుని నోరు తెరిచింది. బయటికొచ్చాక నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"నాకూ రాశారండీ, నిరుడే. ఆ వీడియో చూసి పప్పుల డబ్బాలో పడేశాను. మీరు ధైర్యం చేస్తే నేనూ చేద్దామని చూస్తన్నా."

"మరి నన్నెందుకు వద్దన్నరు?"

"మీరు ఆగితే నాకూ ఓ తోడుండేదిగా."

అంత నిజాయితీ ముందు ఏం పోట్లాడతాం. ఇప్పుడు ప్రతి గురువారం పొద్దున ఆరింటికి ఎదురెదురు గుమ్మాల్లో నిలబడి, చెరొక నిండు గ్లాసుతో ఒకేసారి మింగుతాం. పడుకోకూడని ఆ అరగంట కాలనీ చుట్టూ నడుస్తాం. టీ తాగకుండా నడిచే ఇద్దరు ఆడవాళ్ల మాటలు ఎంత కరుకుగా ఉంటాయో ఆ దారిలో ఉన్న ఇళ్లవాళ్లకు తెలుసు. మొదటి నెల నాకు గుండెల్లో మంటొచ్చింది. ఒక గురువారం నీళ్లు సగమే తాగానని తేలింది. గ్లాసు మార్చాను, మంట తగ్గింది.

గద్దె సంగతి తేలాలి కదా. బరువులు ఎత్తొద్దు, ముందుకు వంగొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పింది. మా ఆయన విజయగర్వంతో కుర్చీ తుడిచాడు. వడ్రంగిని పిలిపించింది నేను. కింద కాళ్లు కొట్టించి గద్దెనే నా నడుం దాకా లేపించాను. కస్టమర్లకు స్టూళ్లు. నేను దాని వెనక నిటారుగా నిలబడతాను. కూర్చునే సుఖం పోయింది, ఒప్పుకుంటాను. కానీ నేను గద్దె దిగిపోలేదు, గద్దే పైకొచ్చింది. ఆ చేతుల కుర్చీలో ఇప్పుడు రత్నకుమారి గారు కూర్చుని, కొనకుండా చీరలు చూస్తుంటుంది.

విసురు చాలా వరకు తిరిగొచ్చింది. చీర కాస్త ఎడమకు వాలుతుంది. ఎడమ పక్క స్టూలు వేయించాను.

మందు పనిచేస్తోందో లేదో ఇంకా తెలియదు. మళ్లీ స్కాన్‌కు టైముంది. నేను వేసుకున్నానని మీరూ వేసుకోమని చెప్పను. మీ చీరకు వెనక వైపు వేరేలా ఉండొచ్చు, మీ డాక్టరును అడగండి. నేను చెప్పేది ఒక్కటే: కుచ్చిళ్లు కాళ్లకు తగులుతుంటే, నేసినవాణ్ని తిట్టే ముందు ఒకసారి గోడకు ఆని నిలబడండి.

మళ్లీ ఆషాఢం వచ్చింది. నిన్న నర్సింహ ఫోన్ చేశాడు. నేను ఏదో తిడతానని ముందే భయపడుతున్న గొంతు.

"అక్కా, ఒక మాట. నీ వరకు రెండంగుళాలు పన్నా తక్కువ పెట్టి నేసియ్యాల్నా? కట్టుకోనీకి అల్కగ ఉంటది."

తలుపు చట్రం మీద సుద్ద గీత ఇంకా ఉంది. ప్రతి నెలా దాని కింద నిలబడుతున్నాను. మా ఆయన దాన్ని తుడవనివ్వడు, అరిగితే మళ్లీ దిద్దుతాడు.

"వద్దు," అన్నాను. "ఎట్లున్నదో అట్లనే నెయ్యి. గా రెండంగుళాలు నేను లోపలికి దోపుకుంట. మూడో అంగుళం మాత్రం ఇయ్య."